బెల్లం వెనక నీలం

ముందే చెప్పి పెడుతున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా వీధిలో నాలుగు చినుకులు పడితే గోదావరి మా గడప దాకా వచ్చి కాళ్లు కడుక్కుని పోయిందంటాను. కాబట్టి ఇందులో పెద్దగా కనిపించినదాన్ని మీరే కాస్త కుదించి చదువుకోండి.

నిజామాబాద్ బస్టాండ్ వెనక, మేడ మీద ఒక గదిలో నేను వెబ్‌సైట్లు తయారు చేస్తాను. ఆ గది ఎంత ఇరుకంటే, మౌస్‌ను కుడివైపుకు జరపాలంటే ముందు కిటికీ తెరవాలి. మొన్న చెరుకు కొట్టే రోజుల్లో బోధన్ అవతలి పల్లె నుంచి ఒక అక్క తమ బెల్లం అమ్మడానికి వెబ్‌సైట్ కావాలని వచ్చింది. చుట్టరికం ఏమీ లేదు, ఏళ్లుగా ఆమె దగ్గర బెల్లం కొనీ కొనీ అక్క అయింది. ఆమె, ఆమె భర్త పొలంలోనే గానుగ పెట్టుకుని, ఏ మందూ కలపకుండా బెల్లం వండుతారు. అలా వండిన బెల్లం ముదురు రంగులో ఉంటుంది. బజారులో మాత్రం అందరికీ పసుపుపచ్చగా మెరిసేదే కావాలి. చూసి చూసి విసిగిపోయిన బావ, బెల్లానికి నలుపు విరిచే పొడి ఒక సంచి కొనుక్కొచ్చి కడాయి పక్కన పెట్టాడు.

"నీ వెబ్‌సైట్‌తోని గిరాకీ రాకుంటే వచ్చే వంటల పొడి ఏస్తనంటుండు తమ్మి," అంది అక్క. "మా పిల్లలకు ఒక బెల్లం, మందికి ఒక బెల్లం వండాల్నట. నాతోని కాదు."

"తెల్లగ చేద్దామక్క, పేజీ అంతా."

"ఆఁ, తెల్లగనే ఉండాలె. సాఫ్‌గ కనవడాలె."

మేమిద్దరం ఒకటే పొరపాటు చేశాం. చక్కెర ఫ్యాక్టరీ నీడన పెరిగినవాళ్లం కదా, మాకు తెలుపంటేనే శుభ్రం. ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైనా ఆ నమ్మకానికి ఎవరూ తాళం వేయలేదు. పేజీని ఎంత తెల్లగా చేశానంటే, ఆ స్క్రీన్ వెలుగుకు ఎదురింటావిడ వడియాలు ఆరబెట్టుకుంది. సరిగ్గా దాని నడుమ బెల్లం ఫోటో పెట్టి అక్కకు చూపించాను.

ఆమె స్క్రీన్ దగ్గరికి వంగి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"గిది బెల్లమా తమ్మి, రోడ్డేసేటోళ్లు మరిచిపోయిన తారా?"

నిజంగానే తారులా ఉంది. ఆకుపచ్చ వేసి చూశాను, ఎరువు బస్తా బొమ్మలా తయారైంది. ఎరుపు వేస్తే ప్రమాద హెచ్చరికలా ఉంది. అప్పుడు రంగుల చక్రం తెరిచాను. అందులో ప్రతి రంగుకూ ఎదుటివైపు ఒక రంగు ఉంటుంది, రెండూ పక్కపక్కన పడితే ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. బెల్లం నారింజ వైపుది, దానికి ఎదురుగా నీలం. ముందు లేత నీలం వేశాను. "సబ్బు పొడి ప్యాకెట్," అంది అక్క. సరేనని ఆ నీలాన్ని కొంచెం కొంచెంగా చీకటిలోకి దించుతూ పోయాను.

దించుతుంటే దించుతుంటే బెల్లం లోపల ఎవరో దీపం ముట్టించారు.

ఆ క్షణంలో ఊరంతా ఆగిపోయింది. ఆటోలు ఆగాయి, గోడ గడియారం ఆగింది, దాని వెనక కాపురం ఉంటున్న బల్లి కూడా తల తిప్పి చూసింది. తారు ముద్ద పోయి, పొయ్యి మీంచి అప్పుడే దింపినట్టు, రాగిలా, నిప్పులా ఒక బెల్లం దిమ్మ అక్కడ కూర్చుంది. నేను ఆ ఫోటోను వేలితో కూడా ముట్టుకోలేదు. ముట్టుకున్నది దాని చుట్టుపక్కలనే. తర్వాత చదివితే తెలిసింది, గోధుమరంగు వెలుగు అంటూ విడిగా ఒకటి లేదట. ఉన్నది నారింజే. చుట్టూ అంతకన్నా ఎక్కువ వెలుగుంటే కన్ను దాన్ని గోధుమరంగు అంటుంది, చుట్టూ చీకటుంటే నారింజ అంటుంది. ఇన్నేళ్లుగా రంగులతోనే అన్నం తింటున్నాను, రంగు వస్తువులో ఉంటుందనే అనుకుంటూ వచ్చాను.

అక్క మాత్రం అనుమానంగా చూసింది. "ఫోటోకు పౌడర్ కొట్టినవా?"

"లేదక్క, ఒట్టు."

"మరి మా ఆయన పొడికి, నీ నీలానికి ఏం ఫరక్?"

నేను నోరు తెరిచేలోపు, ఆమే తన స్టీలు డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి నా తెల్ల కాగితం మీద పెట్టింది. నల్లగా ఉంది. చలికి కప్పుకొచ్చిన ముదురు నీలం శాలువా ఒళ్లో పరిచి, అదే ముక్కను దాని మీద పెట్టింది. వెలిగింది. మళ్లీ కాగితం మీద పెట్టింది, మళ్లీ శాలువా మీద.

"దీన్ల ఏం కలుపలే," అంది తనలో తాను. "పీట మార్చినం, గంతే. పెట్టు తమ్మి, నీలమే పెట్టు."

అక్షరాలకు మీగడ రంగు వేశాను. కొనే బటన్ ఒక్కదానికే బెల్లం రంగు ఇచ్చాను. మరునాడు పేజీ చూపించడానికి ఇద్దరం గానుగ దగ్గరికి వెళ్లాం. బావ ఫోన్‌లో చూసి, కడాయిలోకి చూసి, మళ్లీ ఫోన్ చూశాడు.

"ఏం బామ్మర్ది, నా బెల్లానికి ఏం మందు పెట్టినవ్?"

"మందు లేదు బావ. వెనక గోడకు సున్నం తీసేసి నీలం కొట్టిన."

"గిది మనదేనా?" అని అక్కను అడిగాడు.

"నువ్వు వండిందే. ఇన్నొద్దులు నువ్వే సరిగ సూడలే," అంది ఆమె.

ఇక ఆర్డర్లు మొదలయ్యాయి. కమ్మర్‌పల్లి నుంచి, మెండోర నుంచి, సముద్రాల అవతల నుంచి. ఫోన్ ఎంత వేడెక్కిందంటే, ఆ పూట కడాయి కింద మంట అవసరం పడలేదు. బావ పొడి సంచిని బండికి కట్టుకుని, తెచ్చిన దుకాణంలోనే తిరిగిచ్చేసి వచ్చాడు.

ఇందులో నేను కల్పించింది ఆర్డర్ల వరద. ఆ వారమంతా కలిపి వచ్చింది ఒకే ఒక్క ఆర్డరు, మాక్లూర్ నుంచి, ఇంట్లోకి. దానికే బావ సంచి తిరిగిచ్చాడు, అది నిజం. "ఈ ఏడుకైతే వద్దు తియ్" అన్నాడు, వచ్చే ఏటి సంగతి చెప్పలేదు. నీలం వేస్తే బెల్లం వెలిగిందన్నది మాత్రం నా కల్పన కాదు. అంత పెద్ద అబద్ధం ఊహించే శక్తి నాకు లేదు.