సోలెడు బియ్యానికి నాలుగు తరాలు

మా వియ్యపురాలిది కృష్ణా జిల్లా. భర్త ఉద్యోగం కోసం వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. మేము అల్మాస్‌గూడలో పొలాలు ఉన్ననాటి నుంచీ ఉన్నవాళ్లం. ఆమెకు డిగ్రీ ఉంది, నాకు మూడో తరగతి. అందుకే ఆమె వచ్చినప్పుడల్లా ఏదో ఒక మాటలో 'బతకొచ్చినోళ్లు' అని కలిపేదాన్ని. ఆమె ముందు నేను తలెత్తుకొని కూర్చున్నది ఆ ఒక్క మాట మీదే.

పోయిన ఎండాకాలం మనవరాలు మా వంశవృక్షం గీస్తానని పెద్ద అట్ట కొనుక్కొచ్చింది. పాత క్యాలెండర్ వెనక గీయవచ్చు కదా అంటే వినలేదు. పొలం పహాణీ కాగితాలు తిరగేసింది, ముసలివాళ్లకు ఫోన్లు చేసింది. నాలుగు తరాల పేర్లు దొరికాయి, ఆ పైన ఖాళీ.

అప్పుడు దానికి మా వంశం పాడే ముసలాయన గుర్తొచ్చాడు. ఆయన రెండు మూడేళ్లకొకసారి వచ్చి మా మామగారి నుంచి వెనక్కి పేర్లు పాడేవాడు. ఆనవాయితీగా కుంచెడు బియ్యం ఇవ్వాలి. ఇంటి పెత్తనం నా చేతికి వచ్చాక సోలెడుతో సరిపెట్టాను. పోయినవాళ్ల పేర్లకు అంత బియ్యం దేనికి? అప్పటి నుంచి ఆయన నాలుగో తరం దగ్గరే పాట ఆపేసేవాడు. మా వంశం అంతేననుకున్నాను.

ఆయన మీర్‌పేట్‌లో కూతురి దగ్గర ఉన్నాడని కనుక్కొని, మనవరాలు ఒక ఆదివారం పిలిపించింది. వియ్యపురాలిని నేనే రమ్మన్నాను. మేమెంత పాతవాళ్లమో ఆమె చెవులారా వినాలని.

బియ్యం ఈసారి మనవరాలే కొలిచింది, కుంచం మీద గోపురం లేచేదాకా. ముసలాయన ఆ కుంచం వంక, నా వంక చూశాడు.

"ఇయ్యాల కొలత నిండింది తల్లీ. పూరా చెప్త" అన్నాడు.

నాలుగు దాటింది, అయిదు దాటింది. ఏడో తరం దగ్గర, కరువులో ఒంటెద్దును తోలుకొని, ఇద్దరు పిల్లలను చంకనేసుకొని, కృష్ణ ఒడ్డు ఇడిచి బతకనీకి వచ్చిండ్రు అని రాగం తీశాడు. గొంతు నొస్తదేమో, జర ఆగమన్నాను. ఆగలేదు. వాళ్లు బయలుదేరిన ఊరి పేరు కూడా పాడాడు. అది వియ్యపురాలి పుట్టింటికి రెండు ఊళ్ల అవతల.

ఆమె టీ కప్పు మెల్లగా కింద పెట్టింది.

"అయితే వదినగారూ, మీరూ బతకడానికి వచ్చినవాళ్లేనన్నమాట."

"వచ్చినం. మీకన్న ముందు వచ్చినం."

"అవునండీ. మాకు దారి చూపించింది మీరే."

ముసలాయన కూడా నవ్వాడు, నా బియ్యం మూట కట్టుకుంటూనే. మనవరాలు మాత్రం అట్ట మీద పైగడి దగ్గర పెన్ను పట్టుకొని ఆగింది.

"నానమ్మా, గీడ ఆ ఊరి పేరు రాయాల్నా?"

అబద్ధం రాయమని పిల్లకు ఎట్లా చెబుతాను? వియ్యపురాలు నా వైపే చూస్తోంది.

"రాయి" అన్నాను. "పెన్సిల్‌తోని రాయి."