మైకుకు పెట్టుకున్న కరెంటు

ఈ బరువు నాతోనే కాటికి వస్తుందనుకున్నాను. రోజూ దేవుడి ముందు కూర్చుని అన్నీ చెప్పుకుంటాను, ఇదొక్కటి తప్ప. ఆయనకు తెలుసు కదా అని సర్దిచెప్పుకుంటూ వచ్చాను. తెలిసినవాడికైనా చెప్పకపోతే దాచినట్టే కదా? అందుకే ఈ రోజు మీకు చెబుతున్నాను.

పూతలపట్టు దాటి కొండ మీద ఉన్న మా పల్లెకు అప్పటికి కరెంటు స్తంభాలు రాలేదు. ఒక సంస్థవాళ్లు సోలార్ పలకలు పెట్టారు. పక్కనే పేడ గ్యాసుతో నడిచే చిన్న ఇంజను. ఎండలో పలకలు, మబ్బులో ఇంజను బ్యాటరీలను నింపేవి. ఇంటికొక బల్బు. వాటిని చూసుకునేవాడు మునిరత్నం. మందిరంలో నేను భజన పాడితే పక్కన డోలక్ వాయించేవాడు కూడా అతనే. అతను లేకుండా నాకు పాట ఎత్తుకోవడం చేతనయ్యేది కాదు.

ఆ ఏడు ధనుర్మాసమంతా మబ్బే. ఉన్న కాస్త పేడా కళ్లాపికీ గొబ్బెమ్మలకీ భోగి పిడకలకీ పోయింది. పేడ వాటికే పోవాలని మందిరంలో పురాణం విప్పి చెప్పింది నేనే. ఇంజను ఆగింది. ఎండ వచ్చేదాకా ఇంటి బల్బుకు తప్ప దేనికీ కరెంటు వాడొద్దని మునిరత్నం బ్యాటరీల గదికి తాళం వేశాడు. రెండో తాళంచెవి మందిరం పెద్దగా నా దగ్గర ఉండేది.

మా మైకు సెట్టుకు వేరే బ్యాటరీ ఉంది. దాన్ని పూతలపట్టుకు మోసుకెళ్లి నింపించుకు రావాలి. నేను వెళ్లలేదు. మునిరత్నం చేనికి పోయిన పూటల్లో ఆ గదిలోనే నింపుకున్నాను. స్వామి నామం లోయ అవతలి ఇళ్లకు వినబడాలి, అది భక్తే అనుకున్నాను. నా గొంతు కూడా వినబడాలని ఉండేదా? ఉండేది.

పండుగకు ముందే గదిలోని బ్యాటరీలు చచ్చిపోయాయి. పల్లె చీకటైంది. మందిరంలో పంచాయితీ పెట్టారు.

"ఏమప్పా మునిరత్నం, కరెంటు యాడికి పాయ? మీ అత్తగారింటికి పంపిస్తివా?" అన్నాడు ఒక పెద్దాయన. అందరూ నవ్వారు.

"నేను ముట్టలేదు మామా. ముట్టొద్దని తాళమేసిందే నేను గదా." అతను నావైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పన్నా. ఇంకో తాళంచెవి నీ దగ్గర ఉండాది గదా."

"స్వామి ఎదురుగా ఉండాను. నాకేం తెల్దప్పా" అన్నాను.

పురాణం చెప్పే నోరు కాబట్టి నమ్మారు. నెల తిరగకముందే మునిరత్నం పెళ్లాం బిడ్డలతో నగరి పట్టణానికి, మరమగ్గాల పనికి వెళ్లిపోయాడు.

తర్వాత ఊరికి కరెంటు స్తంభాలు వచ్చాయి. ఇప్పటికీ పాట ఎత్తుకుంటూ పక్కకు చూస్తాను. ఒకసారి నగరికి వెళ్లాను. మగ్గాల చప్పుడులో వీధి చివర నిలబడితే కనిపించాడు, జుట్టు నెరిసింది, ఎవరితోనో నవ్వుతూ టీ తాగుతున్నాడు. ఎంతసేపు చూశానో. పలకరించకుండానే తిరుగు బస్సెక్కాను. క్షమించమని అడగడానికి వెళ్లానా, మళ్లీ పక్కన కూర్చోమని అడగడానికా? రెండోదే అనుకుంటాను. అది అడిగే అర్హత నాకు లేదు.

ఆ కరెంటు మునిరత్నం ముట్టలేదు. వాడుకున్నది నేను. ఇన్నేళ్లలో ఈ రెండు మాటలూ ఎక్కడా అనలేదు. ఇప్పుడు మీకు ఇదంతా రాసి, పైకి చదువుకున్నాను. చివరిదాకా చదివాను.