అరుగు దిగమన్న శుక్రవారం

మట్టల ఆదివారానికి ముందటి శుక్రవారం, పొద్దున సరిగ్గా పదిన్నర గంటలకు పన్నుల ఆఫీసు జీపు మా గల్లీలోకి వచ్చింది. సంవత్సరం అడిగితే తొంభైల చివర అని మాత్రమే చెప్పగలను. గంట ఎందుకంత గట్టిగా గుర్తుందో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. ఇన్నేళ్ల తర్వాత ఆ ముచ్చట ఇప్పుడెందుకంటే, మొన్న నా సెల్లుకు ఒక మెసేజీ వచ్చింది. కొత్తూరు దగ్గర మాకున్న చిన్న ప్లాటు అమ్మాం గదా, దాని లెక్క నేను చూపలేదట, చూపించాలట. కూతురు కంప్యూటర్ తెరిచి చూస్తే ప్లాటు ఒక్కటే కాదు, బ్యాంకులో పడిన వడ్డీ, కొన్న బంగారం, అన్నీ నా పేరు కింద వరుసగా కనిపించాయి. ఇవన్నీ ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఏ కిటికీలోంచి చూశారు అని నాకు కోపం కంటే వింతే ఎక్కువైంది. అప్పుడు గుర్తొచ్చింది ఆ జీపు.

శంషాబాద్‌లో అప్పట్లో ఫోను రావడమంటే ఎంత పనో నా వయసువాళ్లకు చెప్పనక్కరలేదు. మా ఆయన పట్నంలోని పాత విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించి దించే పని చేసేవాడు. నాకేమో నలభై దాటినాక, చర్చి వెనక సాయంత్రం బడిలో అక్షరాలు వచ్చాయి. నేను పేరు రాయడం నేర్చిన కొత్తలో, సర్కారు కాగితం మీద నా సంతకం చూడాలని ఆయనకు ముచ్చటపుట్టి, ఫోను దరఖాస్తు నా పేరునే పెట్టించాడు. అంతకుముందు ఎక్కడ చూపిస్తే అక్కడ బొటనవేలు అద్దేదాన్ని. పేరు రాయడం వచ్చాక మాత్రం పైన ఏముందో చదవందే చెయ్యి కదలదు, అదొక కొత్త రోగం పట్టుకుంది నాకు.

ఆ ఫోను మా పేరున వచ్చిందే గాని, మాది మాత్రమే కాదు. డిపాజిటుకు గల్లీవాళ్లంతా తలా ఒక చెయ్యి వేశారు. అందుకే దాన్ని ఇంట్లో పెట్టకుండా అరుగు మీద, గోడకు కొట్టిన చెక్కపెట్టెలో పెట్టాం. ఎవరి పెండ్లి కార్డు మీద చూసినా మా నంబరే, పక్కన పీపీ అని రెండు అక్షరాలు, అంటే పక్కింటివాళ్ల ఫోను, పిలిచి ఇస్తారని అర్థం. దాని గొంతు కూడా అట్లాంటిదే, అవతలివాళ్ల మాట అరుగంతా వినిపించేది. అందుకని ఎవరూ చెప్పకుండానే మా గల్లీలో ఒక పద్ధతి వచ్చింది. ఒకరు ఫోను పట్టుకుంటే మిగిలినవాళ్లంతా అరుగు దిగి, గల్లీ అవతలి గోడ దగ్గరకు పోయి నిలబడాలి. వానైనా ఎండైనా సరే, నా ఇల్లే అయినా నేనూ దిగేదాన్ని.

జీపులోంచి ముగ్గురు దిగారు. పెద్ద సారు ఒకరు, రాసుకునే సారు ఒకరు, డ్రైవరు. పెద్ద సారుది కోస్తా వైపు మాట, మర్యాదగానే మొదలుపెట్టారు. ఫోను, మోటారుబండి లాంటివి ఉన్నవాళ్లు పన్ను కట్టాల్సినంత సంపాదన లేకపోయినా ఏటా లెక్క దాఖలు చేయాలని రూలు వచ్చిందట, నేను చేయలేదట. నాకు సంపాదనే లేదు గదా సారూ అన్నాను. దానికాయన నవ్వి, టెంట్‌హౌసు, బ్యాండు మేళం, బోర్లు వేసే లారీ, ఇన్ని పెట్టుకుని సంపాదన లేదంటారేమిటమ్మా అన్నారు. తర్వాత తెలిసిందేమంటే, వాళ్లు మైలార్‌దేవ్‌పల్లి నుంచి కొత్తూరు దాకా రోడ్డు పొడుగునా బోర్డులు చూసుకుంటూ వచ్చారు. అన్నిటి మీదా ఒకటే నంబరు, మాది. బోర్డులు రాసే పెయింటరు రంగు కలిసొస్తుందని పీపీ అనేదాన్ని ఎగరగొట్టాడు. అట్లా నేను తెల్లారేసరికి బోరు లారీకి సేటమ్మనయ్యాను.

టెంట్‌హౌసు మా మరిదిది. వాడు పరుగెత్తుకొచ్చి, నాలుక ఆగని మనిషి గదా, "రాసుకోండ్రి సార్, రాసుకోండ్రి! గల్లీల బర్రెలు గూడ మా వదినయే. గా బోరింగు గూడ రాయుండ్రి, మర్చిపోయిండ్రు" అన్నాడు. బ్యాండు మేళం నడిపే మా పెద్దబావ వాణ్ని కసిరాడు. బోరు లారీ ఆయన దండం పెట్టి లారీ తనదని చెప్పబోతే, ఒకరి మాట ఇంకొకరు చెప్పొద్దని పెద్ద సారు ఆయన్ను ఆపేశారు. లోపలి గది చూడాలన్నారు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు, వచ్చేదాకా గడప దాటొద్దని నేనన్నాను. అట్లా అనే హక్కు నాకుందో లేదో అప్పుడు తెలియదు, ఇప్పటికీ పూర్తిగా తెలియదు. అడిగేవాళ్లు ఎంతవరకు అడగొచ్చు, ఎక్కడ ఆగాలి అనేది ఆ సాయంత్రం బడిలో ఎవరూ చెప్పలేదు.

రాసుకునే సారు ఇంగ్లీషులో ఒక కాగితం నింపి, ఇవన్నీ నావేనని ఒప్పుకుంటూ సంతకం పెట్టమన్నాడు. పెట్టనంటే, పెట్టేదాకా ఫోను ఎవరూ ముట్టుకోవద్దన్నారు, అవసరమైతే పట్టుకుపోతామన్నారు. "నాకు రాని అక్షరాల కింద నా పేరు పెట్టనయ్యా, ఏమన్న చేసుకోండ్రి" అన్నాను గాని, నా చూపు మాత్రం మేమంతా ఆపా అని పిలిచే పక్కింటి అక్క మీదే ఉంది. ఆమె భర్త సౌదీలో పనిచేసేవాడు. అతని చెయ్యి మిషన్లో పడిందని వారం కిందట ఎవరో కబురు చెప్పారు, ఆపరేషన్ అన్నారు, ఆ పైన ఏమైందో తెలియదు. ప్రతి శుక్రవారం పదకొండు గంటలకు అతని ఫోను. ఆ వారమంతా ఆపా అన్నం ముట్టిందో లేదో యేసయ్యకే తెలియాలి. చెయ్యి ఉందా, పోయిందా, అది ఆ ఫోను మోగితేనే తెలుస్తుంది. ఆమె స్తంభానికి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

పదకొండుకు ఫోను మోగింది. ఆపా అడుగు ముందుకేసింది. పెద్ద సారు చెయ్యి అడ్డం పెట్టి తనే ఎత్తారు. బేరం మాట ఏదైనా దొరుకుతుందనుకున్నారేమో, హలో అనకుండా చెవికి పెట్టుకుని ఊరుకున్నారు. శుక్రవారం పదకొండుకు ఎత్తేది తన భార్యేనని ఆ మనిషికి నమ్మకం. అందుకే పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టాడు. "రోనా నక్కో... దో ఉంగ్లియా గయే, బస్. హాత్ హై." ఏడవకు, రెండు వేళ్లే పోయాయి, చెయ్యి ఉంది అని. ఆ మాట అరుగు మీదున్న అందరికీ వినపడింది. ఆపా చేతులతో మొహం కప్పుకుంది. పెద్ద సారు ఫోను పట్టుకుని, దించలేక, మాట్లాడలేక నిలబడిపోయారు.

అప్పుడు నా నోరు ఆగలేదు. "గా మాటలు నీయి గావు సార్. ఆమెకియ్యి. ఇచ్చి అరుగు దిగు" అన్నాను. నేను ముందు దిగాను, నా వెనక మా పెద్దబావ, మరిది, బోరు లారీ ఆయన దిగారు. పెద్ద సారు ఆపా చేతికి ఫోను ఇచ్చి, మెట్లు దిగి మా పక్కన ఎండలో నిలబడ్డారు. ఆయన వెంట రాసుకునే సారు, పెన్నుకు మూత కూడా పెట్టకుండా. ఆపా మాట్లాడినంతసేపూ ఎవరూ అరుగు వైపు చూడలేదు. చూడకపోవడం మాకు అలవాటు, వాళ్లు మమ్మల్ని చూసి నేర్చుకున్నారు.

ఆ గోడ దగ్గరే పెద్ద సారు మెల్లగా అడిగారు, అందరూ ఈ ఒక్క ఫోనులోనే ఇట్లా మాట్లాడతారా అని. మా పెద్దబావ అవునన్నాడు, బ్యాండు బుకింగులు కూడా ఇట్లాగేనన్నాడు. ఎవరి పని ఎవరిదో అక్కడే ఒక్కొక్కరుగా చెప్పారు, ఈసారి ఆయన ఆపలేదు. ఆపా ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకున్నాక, ఆయన కింద నిలబడే "పైకి రావచ్చా అమ్మా?" అని నన్నడిగారు. కాగితం మళ్లీ తెలుగులో రాయించారు. ఫోను మాత్రమే నాది, పనులు నావి కావు అని ఉంది. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేదాకా ముగ్గురూ ఆగారు. సంతకం పెట్టాను. గడప మాత్రం దాటలేదు వాళ్లు.

ఆ తర్వాత ఆ రూలు ఉన్నన్నాళ్లూ నాకు సంపాదన లేదని రాసిచ్చే కాగితం ఏటా దాఖలు చేశాను. ఏమీ లేదని చెప్పడానికి కూడా కాగితం కావాలన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. పన్ను అడగడం తప్పని నేను ఎన్నడూ అనలేదు, మొన్నటి ప్లాటు లెక్క కూడా కూతురితో చూపించాను. కానీ ఇప్పుడు విమానాలు మా ఇంటి మీదనుంచే పోతున్నాయి, చెక్కపెట్టె పోయింది, ఎవరి ఫోను వారి జేబులో ఉంది, గల్లీ అవతలి గోడ దగ్గర నిలబడేవాళ్లు లేరు. నా సంగతులు చూసేవాళ్లు ఎక్కడ నిలబడి చూస్తున్నారో తెలియదు. తెలిస్తే దిగమని అడిగేదాన్ని.

ఆ రోజు దిగి ఎండలో నిలబడ్డవాళ్లు: పెద్ద సారు, రాసుకునే సారు, జీపు దగ్గర డ్రైవరు, మా పెద్దబావ, మా మరిది, బోరు లారీ ఆయన, నేను. అరుగు మీద, ఫోను దగ్గర, ఆపా ఒక్కతే.