ఫిఫ్తు ఫారం ఫలితాలతో ప్రొద్దుటూరికి

మా బడికి ఆరో ఫారం వస్తుందా రాదా అన్నది ఆ వేసవిలో నా సంచిలో ఉన్న ఒక పట్టిక మీద ఆధారపడి ఉంది. అందుకే ఈ ప్రయాణం. మా ఊరు పులివెందులకు ఎనిమిది మైళ్లు. బడిలో ఐదో ఫారం దాకానే ఉంది. ఆపైన ఆరో ఫారం, అంటే ఎస్సెల్సీ చదవాలంటే ఊరు వదలాలి. వదలగలిగినవాళ్లు ఏడాదికి ముగ్గురో నలుగురో, మిగతావాళ్ల చదువు అంతటితో సరి.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చింది. కర్నూలు నుంచి ఏ కాగితం ఎప్పుడు వస్తుందో తెలియని రోజులు. ఫలితాల పట్టిక చూసి ఆరో ఫారం మంజూరు చేయాల్సిన విద్యాశాఖ అధికారి జమ్మలమడుగులో మకాం వేశారనీ, రేపో మాపో వెళ్లిపోతారనీ కబురు వచ్చింది. హెడ్మాస్టరు గారికి జ్వరం. లెక్కల మాష్టరునూ ఐదో ఫారం క్లాసు టీచరునూ నేనే కాబట్టి నన్ను పొమ్మన్నారు. "నిదానంగా మాట్లాడు, నువ్వసలే కంగారు మనిషివి" అన్నారు. దాంతో ఉన్న కంగారు రెట్టింపయింది.

తెల్లవారుజామున నాలుగింటికి ఎద్దులబండి ఎక్కి పులివెందుల చేరేసరికి ఏడు కావస్తోంది. ఉప్మా తిన్నాను, రుచి తెలియలేదు. ఏడున్నర బస్సుకు ముద్దనూరు టిక్కెట్టు తీసుకుని కూర్చున్నాక మూడుసార్లు సంచి విప్పి చూసుకున్నాను.

"ఏంది అయివారూ, అన్నిసార్లు చూస్తాండారు? బంగారమేమన్నా తీసకపోతాండారా?"

పక్కన మా ఊరి దస్తగిరి. దూదేకుల ఆయన, పరుపులు కుడతాడు. కొడుకు మస్తాను నా క్లాసే. దూది కొనడానికి ప్రొద్దుటూరు పోతున్నాడట. బంగారం కాదు, పిల్లల మార్కులన్నాను. ఆ మాట ఎందుకన్నానా అనిపించింది, ఎందుకంటే మస్తాను తప్పాడు. దస్తగిరి కిటికీ వైపు తిరిగాడు.

తొమ్మిదిన్నరకు ముద్దనూరు. ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక మాట: జమ్మలమడుగు బస్సు "ఇప్పుడే వస్తాది" అంటే నమ్మి ఎండలో నిలబడకండి. మేము గంటన్నర నిలబడ్డాం. తర్వాత స్టేషను దగ్గర టీకొట్టు నీడలో కూర్చుని మళ్లీ పట్టిక తీశాను.

ఆ పట్టిక సంగతి చెప్పాలి. నెలనెలా పైకి పంపే లెక్కలో ఏ కులంవాళ్లు ఎందరున్నారో రాయాలి. కూడిక సులువని హాజరుపట్టీలో పేర్లే ఆ వరసన రాయడం మా బడి అలవాటు. మొదట బ్రాహ్మణులు, తర్వాత రెడ్లు, కోమట్లు, తర్వాత మిగతా హిందువులు, ముస్లింలు, చివర హరిజనులు. బెంచీలు కూడా ఆ నంబర్ల ప్రకారమే. ఎవరూ దురుద్దేశంతో పెట్టింది కాదు, నేను వచ్చేనాటికే అలా ఉంది. ఫలితాల పట్టికలోనూ అవే నంబర్లు. పదిహేనో నంబరు తర్వాత ఇద్దరే గట్టెక్కారు. కారణం గడిలో "ఇంటి దగ్గర చదువుకు అనుకూలం లేదు" అని నా చేత్తో నేనే రాశాను. చక్కటి దస్తూరీ.

"మావోడు తప్పినాడు గదా?" దస్తగిరి అడిగాడు. తలూపాను. "ఇంగ చాలు లెండి. పనిలో పెట్టుకుంటా. వానికి శానా ఇష్టమే చదువంటే. కానీ బోర్డే అగుపడదంట. స్తంభం అడ్డమంట. ముందర పిల్లోని పుస్తకంలో చూసి ఎక్కించుకుంటాడంట."

టీ గ్లాసు పక్కన పెట్టాను. మా క్లాసు పాత సత్రం సావడిలో నడుస్తుంది. నడుమ లావుపాటి రాతి స్తంభం. నాకు అలసట వచ్చినప్పుడు వీపు ఆనించుకునేది దానికే. చివరి మూడు బెంచీలు దాని వెనకాలే. ముందరివాడు తప్పు రాస్తే వెనకవాళ్లందరిదీ అదే తప్పు. కాపీ కొట్టాడని మస్తాన్ని బెత్తంతో కొట్టాను, ఒకసారి కాదు.

"నాతో చెప్పలేదేం?" అన్నాను.

"భయం అయివారూ. మీరంటే భయం."

జమ్మలమడుగులో దిగి ఆఫీసుకు పరుగెత్తితే అధికారి గారు పొద్దున్నే ప్రొద్దుటూరు వెళ్లిపోయారన్నారు. అన్నం మాట మరిచి దొరికిన బస్సెక్కాం. పెన్నలో చుక్క నీళ్లు లేవు, అంతా ఇసకే. దారి పొడుగునా ఆ కారణం గడి నన్ను తినేసింది. నిజం చెబితే తప్పు బడిదని తేలి ఆరో ఫారం పోతుందేమో. చెప్పకపోతే ఆ గడి అలాగే నిలుస్తుంది.

నాలుగింటికి ప్రొద్దుటూరు. దస్తగిరి దూది మండీకి, నేను అధికారి దిగిన ట్రావెలర్సు బంగళాకు. అధికారి కోస్తా మనిషి. "కూర్చోండి మాష్టారూ" అని పట్టిక అందుకుని, సరిగ్గా పదిహేనో నంబరు దగ్గర పెన్సిలు ఆపారు. "ఇక్కణ్ణుంచి ఇంతమంది ఎందుకు తప్పారు?"

ఇంటి దగ్గర అనుకూలం లేదని హెడ్మాస్టరు గారు చెప్పమన్న జవాబు నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. "కారణం తప్పు రాశానండీ. స్తంభం వెనక కూర్చోబెట్టాం. వాళ్లకు బోర్డు కనపడదు" అన్నాను.

ఆయన పట్టిక నా వైపు జరిపి, "ఆ గడి కొట్టేసి ఇప్పుడన్నది రాయండి. ఆరో ఫారం ఒక్క ఏడాదికి ఇస్తాను. స్తంభం మీరు తీయలేరు, బెంచీలు జరపగలరుగా. వచ్చే ఏడు ఈ చివరి నంబర్లే చూస్తాను" అన్నారు.

సంతోషపడాల్సింది. ఆ గడి కొట్టేసి రాస్తుంటే మస్తాను తిన్న బెత్తం దెబ్బలే గుర్తొచ్చాయి. ఆ రాత్రికి అక్కడే ఒక సత్రంలో పడుకుని పొద్దున్నే తిరుగుబస్సు ఎక్కాను. పక్కన దస్తగిరి, బస్సు పైన ఆయన దూది మూటలు.

ముద్దనూరు దాటాక ధైర్యం చేశాను. "దస్తగిరీ, మీవాణ్ణి బడి మానిపించొద్దు. కాపీ కొట్టాడని వాణ్ణి కొట్టాను. తప్పు వాడిది కాదు, నాది."

దస్తగిరి ముఖం చూసే ధైర్యం లేక ముందు సీటు కడ్డీ చూస్తూ కూర్చున్నాను. ఆయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"ఆ మాట నాకు గాదు అయివారూ. వానికి చెప్పండి."

పులివెందులలో మూటలు బండికెత్తించి ఇద్దరం వాటి మీదే కూర్చుని వచ్చాం. రెండు రోజుల్లో నేను చూసిన ఊళ్లేమిటని ఎవరన్నా అడిగితే నాకు గుర్తున్నది తక్కువ. ఆరో ఫారం కబురు కోసం హెడ్మాస్టరు గారు అరుగు మీద కాచుకుని ఉంటారని తెలుసు. ఊరు వచ్చాక బండివాడు "మీ వీధికేనా?" అని అడిగాడు. కాదు, మొదట దూదేకుల వీధికి పోనిమ్మన్నాను.