సుభద్రమ్మగారు అడిగిన ప్రశ్న

2000వ సంవత్సరం మొదట్లో నేను తిరువూరులో ఒక బ్యాంకు శాఖలో డిపాజిట్ల కౌంటర్ చూసేవాణ్ణి. అప్పటికి మా ఊళ్లో ఇంటర్నెట్ చూసినవాళ్లు తక్కువ, దాని షేర్ల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువ.

ఒక ఉదయం ఎ.కొండూరు నుంచి వెంకటేశ్వర్లు మాస్టారు, ఆయన భార్య సుభద్రమ్మగారు వచ్చారు. ఆయన లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. అప్పుడు చేతికొచ్చిన డబ్బంతా మా దగ్గరే ఫిక్సెడ్ డిపాజిట్ చేశారు. ఇప్పుడు దాన్ని ప్రీమెచ్యూర్ క్లోజర్ చేయమన్నారు. అంటే వడ్డీ కొంత వదులుకుని, గడువు తీరకముందే డబ్బు తీసేసుకోవడం. విజయవాడలో ఉన్న ఆయన తోడల్లుడు ఒక ఇంటర్నెట్ కంపెనీ షేర్లు కొన్నాడట, కొద్ది నెలల్లోనే పెట్టుబడి రెట్టింపైందట.

ఉన్నదంతా ఒకేచోట పెట్టొద్దని చెప్పి చూశాను. డిపాజిట్ పోతుంటే బ్యాంకువాళ్లు అలాగే అంటారని ఆయన నవ్వేశారు. అంతకుమించి అడ్డుపడే హక్కు నాకు లేదు. అయితే అది జాయింట్ డిపాజిట్, ఇద్దరి సంతకాలూ కావాలి. సుభద్రమ్మగారు పెన్ను తీసుకుని భర్త వైపు తిరిగారు.

"సంతకం పెడతానండి. ఆ కంపెనీకి డబ్బు ఎట్లా వస్తదో ఒక్కసారి చెప్పండి. ఆరో తరగతి పిల్లలకి చెప్పినట్టు చెప్తే నాకూ అర్థమవుద్ది."

మాస్టారు ఉత్సాహంగానే మొదలుపెట్టారు. కంప్యూటర్లో ఒక పేజీ ఉంటుందని, దేశమంతా దాన్ని చూస్తుందని చెప్పారు. చూసినవాళ్లు డబ్బు కడతారా అని ఆవిడ అడిగారు. కట్టరు, ఊరికే చూడొచ్చన్నారు. మరి లాభం సంగతేంటంటే, ఇంకా రాలేదని, ముందు ముందు వస్తుందని అన్నారు. ఎవరి దగ్గర్నుంచి అని ఆవిడ అడిగారు. లైన్లో ఉన్నవాళ్లు కూడా వింటున్నారు.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాకు రాని లెక్క ఏనాడూ పిల్లలకి చెప్పలేదు సుభద్రా. ఇది నాకు రాలేదు."

కాగితం వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు. తోడల్లుడికి కోపం వచ్చి కొన్నాళ్లు మాట్లాడలేదని తర్వాత తెలిసింది.

ఆ వేసవిలోనే షేర్లు పడిపోవడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి ఆ కంపెనీ షేర్లు కొనే దిక్కు లేదు. డిపాజిట్ రెన్యువల్‌కి వచ్చినరోజు మాస్టారు "హాయిగా నిద్రపడుతోందయ్యా" అన్నారు. నేనూ నవ్వాను. సుభద్రమ్మగారు మాత్రం నవ్వలేదు. "విజయవాడలో మా చెల్లెలింటికి ఈ ఏడు బియ్యం మేమే పంపుతున్నామండి" అన్నారు.

ఆ తర్వాత డిపాజిట్ రద్దు చేసుకోవడానికి ఎవరొచ్చినా నేను సలహా చెప్పడం మానేశాను. ఎందులో పెడుతున్నారో నాకు కాస్త వివరించమనేవాణ్ణి. తెలిసినవాళ్లు చక్కగా చెప్పి డబ్బు తీసుకెళ్లేవారు. తెలియనివాళ్లు చెబుతూ చెబుతూ, తమ మాట తమకే వినబడి, సగంలో ఆగేవారు.