మేడ మీద ఫ్రెంచి ఇంజను

మొన్న ఎల్బీ నగర్ మెట్రో స్టేషనులో, బండి చివరి స్టాపు చేరాక డ్రైవరు సంచీ భుజాన వేసుకుని దిగిపోవడం, ఇంకొకతను ఎక్కి అదే బండిని వెనక్కి తీసుకుపోవడం చూశాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. దిగినవాడు బండికి ఏం చేసి దిగాడో, ఎక్కినవాడు ఒకసారి చూసుకోవద్దా అని నాకు వెంటనే అనుమానం. నాకది కొత్తేమీ కాదు. పాలవాడి కొలత దగ్గర్నుంచి పక్కింటి కుక్క చూపు దాకా దేన్నీ తేలిగ్గా నమ్మను. మా ఆయన నన్ను సీఐడీ అంటారు. కానీ మొన్న అనుమానంతో పాటు ఒక మనిషి గుర్తుకొచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంటి యజమాని. "ఎవరు వడితే వాళ్ళు ఎక్కే ఇంజన్‌ను ఎవరూ కడుపుల పెట్టుకోరు బిడ్డా" అనేవాడాయన.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. రోజుకో బంద్, కూడలికో టెంటు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "బయట ఎక్కువ మాట్లాడకే, మన యాస తెలిసిపోతుంది" అని గుసగుసగా చెప్పేది, తాను విజయవాడలో సొంత వంటింట్లో నిలబడి. కింద ఇంటాయన, ఇంటామె. మొదటి అంతస్తులో మేము. మేడ మీద ఒకే ఒక్క గది, దానికి ఎప్పుడూ తాళం. ఇంటాయన రైల్వే షెడ్డులో ఆవిరి ఇంజన్లు బాగుచేసి రిటైరైన ఫిట్టరు. మనిషి మర్యాదస్తుడే. కానీ మధ్యాహ్నం కాగానే పైన ఆకురాయి పెట్టి రాసే చప్పుడు, గ్యాసు మంట వాసన. రాణిగంజ్ ఇనుప సామాన్ల బజారు నుంచి సంచీలో రాగి గొట్టాలు తెచ్చి, మేం కనబడితే సంచీ మూతి మడిచేవాడు. నేను బట్టలు ఆరేయడానికి వెళితే లోపలి నుంచి తలుపు గడియ పడేది. ఆ రోజుల్లో ఒక తెలంగాణ పెద్దమనిషి తాళం వేసిన గదిలో గొట్టాలు కోస్తుంటే, విజయవాడ నుంచి వచ్చిన మనిషి ఏమనుకుంటుంది? నేనూ అదే అనుకున్నాను. మా ఆయనతో చెబితే "ఆయన బాంబు చేస్తే ముందు పేలేది ఆయన ఇల్లే, కాస్త అన్నం పెట్టు" అన్నారు. నాకు మాత్రం అన్నం దిగేది కాదు.

ఒక బంద్ రోజు ఎల్బీ నగర్ కూడలిలో వంటా వార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి అందరూ కలిసి వండుకు తినడం అప్పటి నిరసన పద్ధతి. గల్లీ గల్లీ అంతా గరిటెలు పట్టుకుని పోయింది. ఇంటాయన పోయాడు, ఇంటామె పోయింది, ఆవిడ తమ్ముడు సైదాబాద్ నుంచి వచ్చి మరీ పోయాడు. మధ్యలో ఆ తమ్ముడు పెద్ద గిన్నె కోసం ఇంటికొచ్చి, తీసుకుని వెళ్ళాడు. నేను పప్పులో పసుపు వేస్తున్నదాన్ని, అలాగే మేడ మీదికి నడిచాను. తొందరలో ఆయన తాళం వేశాడు గానీ, తాళంచెవి దానికే వేలాడుతోంది.

లోపల బాంబు లేదు. బల్ల మీద మూరెడు పొడవున నల్లటి రైలింజను ఉంది. గోడ నిండా పరాయి భాషలో రాసిన ఇంజను నక్షాలు. రాగి గొట్టాలన్నీ దాని పొట్టలోవి. పోలీసులకు ఫోన్ చేయనందుకు దేవుడికి దండం పెట్టుకుని పోవాల్సిందాన్ని, ఊరుకోలేకపోయాను. డ్రైవరు నిలబడే చోట బటాణీ గింజంత చక్రం ఉంటే తిప్పాను. ఎక్కడో టిక్కుమంది. వెనక్కి తిప్పేసి, తాళం వేసి, కిందికి వచ్చి పప్పు దించాను. పప్పు మాడింది.

సాయంత్రం ఇంటాయన మేడ ఎక్కాడు. కాసేపటికి పైనుంచే కేక వినబడింది. "ఎవల్రా నా అర్రల చెయ్యి వెట్టింది?" గేటు దగ్గర గల్లీవాళ్ళు ఇంకా జెండాలతోనే ఉన్నారు. ఒకాయన మా బాల్కనీ వైపు చూసి, "పైన కిరాయికున్నోళ్ళేమో చూడుర్రి, గిదంతా వాళ్ళకెందుకు" అన్నాడు. అన్ని ముఖాలూ పైకి తిరిగాయి. నేను బాల్కనీలో ఆరేసిన చీర చాటుకు జరిగాను, ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమిటి. ఇంటాయన మెట్లు దిగి వచ్చి, "వాళ్ళు గాదు. గిన్నె కోసమని వచ్చి మా బామ్మర్ది జేసిన పని" అన్నాడు. గేటు దగ్గరే ఉన్న బామ్మర్ది తెల్లబోయాడు. "నేనా బావా? నేను పైకే పోలే" అన్నాడు. "నువ్వే" అన్నాడు ఈయన. అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నేను నోరు విప్పలేదు. పైగా, ఈయన మమ్మల్నెందుకు వదిలేశాడు, ఇందులో ఏం ఎత్తు ఉందోనని ఆ రాత్రి మళ్ళీ అనుమానమే.

బతుకమ్మ పండుగ వచ్చింది. ఏటా చీర తెచ్చే తమ్ముడు రాలేదు. ఇంటామె తంగేడు పూలు ముందేసుకుని, పేర్చకుండా గేటు వైపే చూస్తూ కూర్చుంది. పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మకు ఇంకా రెండు రోజులే ఉంది. ఆవిడని అలా చూడలేక మేడ ఎక్కి తలుపు కొట్టాను. "అంకుల్, ఆ రోజు గదిలోకి వచ్చింది నేనండి" అన్నాను. ఆయన ఆకురాయి పక్కన పెట్టాడు. "ఎరుకే బిడ్డా. చక్రం మీద పసుపు వేలిముద్ర ఉండె. ఆగివున్న ఇంజన్‌కు దాన్ని నడిమిట్ల పెట్టాలె, ముందుకూ గాదు, ఎనుకకూ గాదు. నువ్వు కొసదాకా తిప్పి పెట్టినవ్" అన్నాడు. మరి బామ్మర్దిని ఎందుకన్నారు అని అడిగాను. "కోపంల నోరు జారిన. అప్పటికే అందరు మీ దిక్కు చూడవట్టిరి. ఎవరిదో ఒక పేరు చెప్పాలె గదా. వాడు నావోడు, తిట్టినా పడ్తడనుకున్న" అన్నాడు.

ఆ రోజే ఆ ఇంజను కథ చెప్పాడు. కరెంటు బండ్ల పని నేర్పడానికి వచ్చిన ఫ్రెంచి ఇంజనీరు ఒకాయన పోతూ పోతూ ఈ నక్షాలు ఇచ్చాడట. ఆ దేశంలో ఒక్కో ఇంజను ఒకే డ్రైవరుకు, బొగ్గు వేసే ఒకే ఫైర్‌మన్‌కు అప్పగించేవారు. దాని దగ్గూ జలుబూ వాళ్ళకే తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంజన్లు నాశనమైపోతే అమెరికా నుంచి ఈ బల్ల మీది రకం ఇంజన్లు తెప్పించుకున్నారు. కొన్ని ఓడతో సహా సముద్రంలో మునిగాయి. చేరినవి ప్యాసింజరూ లాగాయి, గూడ్సూ లాగాయి. ఎవరెక్కినా నడిచేంత తేలిక. మొదట్లో పాతకాలపు డ్రైవర్లకు వీటి మీద నమ్మకం లేదట. ఆ దేశంలో ఆవిరి ఇంజన్ల కాలం అయిపోయేదాకా పనిచేసినవాటిలో ఇవీ ఉన్నాయి. "ఎవరైనా ముట్టుకోవచ్చని చేసిన బండికి మీరు తాళం వేశారన్నమాట" అన్నాను. ఆయన నవ్వి, ఆ రోజు నా చేతిలో టిక్కుమని విరిగిన పిన్ను చూపించాడు. అది పెన్సిల్ మొనంత ఉంది.

మర్నాడు మా ఆయన్ని వెంటబెట్టుకుని సైదాబాద్ పోయి ఆ తమ్ముడికి అంతా చెప్పాను. అతను లేచి వీధి తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత "గీ ముచ్చట గల్లీల ఎవ్వరికి చెప్పకున్రి" అన్నాడు. సద్దుల నాడు చీర తెచ్చాడు, అక్క దగ్గర కూర్చుని తిన్నాడు. బావతో మాట్లాడాడు కూడా. కానీ మేమక్కడ ఉన్నన్నాళ్ళూ మేడ మీద గదిలోకి మళ్ళీ అడుగు పెట్టలేదు. బావ రెండుసార్లు పిలవడం నేనే విన్నాను.

ఇంటాయన ఇప్పుడు లేడు. మొన్న మెట్రో బండి కదిలిపోయాక ప్లాట్‌ఫారం మీద చాలాసేపు నిలబడ్డాను. నెలల తరబడి నేను ఆ మనిషికి కాపలా కాశాను. ఆయన ఒక్క సాయంత్రం మాకు కాపు కాసి, దానికి సొంత మనిషిని దూరం చేసుకున్నాడు. అప్పుడు నేను నోరు విప్పాల్సిన సమయం గేటు దగ్గర ఒక్క నిమిషమే. ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ నిమిషం గడవడం లేదు.