పెద్దమ్మ ఉప్పు వేయని కూర

పెద్దమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున్న నేను టెక్కలి బస్టాండులో ఉండగా తమ్ముడు, అంటే ఆమె కొడుకు, ఫోన్ చేసి "అమ్మ ఎల్లిపోనాదప్పా" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. కాసేపటికి సంఘం వాట్సాప్ గ్రూపులో "ప్రభువునందు నిద్రించారు" అని వచ్చింది. అది చదివితే నాకు చిరాకేసింది. ఒళ్ళంతా దురదలు, కాళ్ళు లాగడం, ఊపిరాడకపోవడం. ఆమెకి కంటినిండా నిద్ర ఉండి ఎంతకాలమైందో గ్రూపులో పెట్టినవాళ్ళకి తెలుసు.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. మా ఊరు పూండి నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉంది, చుట్టూ కొబ్బరి, జీడితోటలు. మా సంఘంలో ప్రేమవిందు వంట ఆమెదే. క్రిస్మస్ ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో అందరం కలిసి తినే భోజనాన్ని ప్రేమవిందు అంటాం. ఆమెని ఎవరూ నియమించలేదు. ఆమె పొయ్యి దగ్గర నిలబడేది, మిగతావాళ్ళు ఉల్లిపాయలు తరిగేవారు, అంతే.

నా చిన్నప్పుడు ఆ విందుకి కోడి, మేక కొనే స్తోమత ఎవరికీ లేదు. మగవాళ్ళు జీడితోటల్లో ఉచ్చులు పెట్టి కుందేళ్ళు తెచ్చేవారు. వరికోతలయ్యాక గట్లు తవ్వి ఎలుకలు పట్టేవారు. మందస కొండల వైపు చుట్టాలున్నవాళ్ళకి అదృష్టం బాగుంటే అడవిపంది దొరికేది. ఇవన్నీ రాస్తే ఫారెస్టు వాళ్ళకి కోపం రావచ్చు. వస్తే రానీ, ఆ తిన్నవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. పంది వస్తే పెద్దమ్మ కొబ్బరి మట్టలు మండించి దాన్ని కాల్పించి, బొచ్చు పోయేదాకా తనే కత్తితో గీకేది. సరుగుడు కర్రల మంట మీద పెద్ద డేగిసాలో ఆ కూర మధ్యాహ్నం దాకా ఉడికేది. కాలేయం మాత్రం విడిగా తీసి బాలింతలకి పంపేది. ఎంత పెద్దమనిషి అడిగినా ఆ ముక్క ఇచ్చేది కాదు.

టెక్కలి హాస్టల్లో చేరిన ఏడు, పండక్కి మీరేం తింటారని తోటి ఆడపిల్లలు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ముక్కులు మూసుకున్నారు. సెలవులకి వచ్చి పెద్దమ్మ దగ్గర ఏడ్చాను. ఆమె చేపలు తోముతూ తల కూడా ఎత్తలేదు.

"తిన్నదాని పేరు సెప్పడానికి సిగ్గేటే? దొంగిలించి తెచ్చినామా? రేపట్నుంచి ఆళ్ళు అడక్కముందే నువ్వే సెప్పీ."

చెప్పాను. ఒకరిద్దరు దూరమయ్యారు, ఒకమ్మాయి మాత్రం కుందేలు ఎలా ఉంటుందో చెప్పమని వెంటపడింది.

తరవాత రోజులు మారాయి. ఉచ్చులు మానేశారు, బ్రాయిలర్ కోళ్ళు వచ్చాయి. వాటితో పాటే, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పని ఆ కిడ్నీ జబ్బు ఇంటింటికీ వచ్చింది. మొదట పెదనాన్న పోయాడు. తరవాత పెద్దమ్మకే పట్టుకుంది. తమ్ముడు తన ఆటోలో ఆమెని పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించి తెచ్చేవాడు. నీళ్ళు కొలిచి తాగమన్నారు. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మనిషిని కొబ్బరినీళ్ళు ముట్టొద్దన్నారు. మాంసం కొద్దిగా తినొచ్చు గానీ ఉప్పు మాత్రం దగ్గరికి రానివ్వొద్దన్నారు.

"ఉప్పుటేరు పక్కనుండి ఉప్పు తినకూడదంట, సూడు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అప్పటికే జబ్బున్నవాళ్ళు ప్రేమవిందుకి రావడం మానేశారు. ఆరాధన కాగానే తలొంచుకుని ఇళ్ళకి పోయి, చప్పిడి అన్నం తిని పడుకునేవారు. కొందరు జబ్బుందని చెప్పుకోలేదు. చెబితే పనిలోకి పిలవరు, పిల్లలకి సంబంధాలు రావు. సంఘపెద్దలకి ఇది బాధగానే ఉంది, కాదనను. ఆ ఏడు క్రిస్మస్‌కి ముందు కూర్చుని, జబ్బుమనుషులకి విడిగా చప్పిడి వంట చేయించి, విడిగా ఒక బంతి వేద్దామని తేల్చారు. మా వైపు బంతి అంటే భోజనానికి కూర్చునే వరుస. పెద్దమ్మ గుడి గుమ్మం దగ్గర కూర్చుని అంతా విన్నది.

"ఏరే బంతి ఎయ్యొద్దు" అంది.

"నీ మంచికేనమ్మా" అన్నారు పాస్టరయ్యగారు.

"మంచికేనయ్యా. మా అమ్మని కూడా కామందుల పెళ్ళిళ్ళలో పశువుల సాల పక్కన ఏరే బంతిలో కూకోబెట్టీవోరు. కూర మంచిదే ఎట్టీవోరట. అది తప్పించుకోడానికే కదా మనోళ్ళు ఈ గుడి కట్టుకున్నారు. మల్లీ మన సేత్తో మనమే ఏస్తామేటి?"

ఒక పెద్దమనిషి "మరి ఉప్పు సంగతో?" అన్నాడు. "అది నాకొదిలీండి" అంది.

పండగ ముందు రోజు జీడితోటలో పాడుబడ్డ బావిలో ఒక అడవిపంది పడింది. ఎన్నో ఏళ్ళ తరవాత ఊళ్ళోకి వచ్చిన వేట మాంసం. దాన్ని పైకి ఎలా తీశారో నేను రాయను. పెద్దమ్మ కాళ్ళు వాచిపోయి ఉన్నాయి, పొయ్యి పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని వండించింది. అల్లం, వెల్లుల్లి, ధనియాలు, మిరియాలు అన్నీ దండిగా వేయించింది. ఉప్పు ఒక్క గింజ వేయనివ్వలేదు. అడ్డాకుల విస్తళ్ళు పరిచాక, ప్రతి విస్తరి అంచునా చిటికెడు ఉప్పు పెట్టించింది, పాస్టరయ్యగారి విస్తరితో సహా.

మొదటి ముద్దకే గొణుగుడు మొదలైంది. "ఇది కూరేటి, కుడితిలాగుంది" అన్నాడొకాయన, ఇన్నేళ్ళకి దొరికిన పందిని పాడుచేశారన్న బాధతో.

"ఉప్పు నీ ఇస్తరి మీదే ఉంది, కలుపుకో. సెయ్యి పడిపోనాదేటి?" అంది పెద్దమ్మ. పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు.

రానివాళ్ళంతా ఆ రోజు వచ్చారు. ఎవరు ఉప్పు కలుపుకున్నారో, ఎవరు వదిలేశారో ఎవరూ పట్టించుకోలేదు. తిన్నాక విస్తళ్ళు మడిచేస్తే ఇక తెలిసే దారే లేదు. పెద్దమ్మ ఆ బంతి మధ్యలో కూర్చుని, ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. ఆమె మొహం అంత తేటగా ఉండటం మళ్ళీ నేను చూడలేదు.

మరుసటి ఏడు ఆమె మంచం దిగలేకపోయింది. వంట పలాస నుంచి కేటరింగ్ వాళ్ళకి ఇచ్చారు. సాయంత్రం నేను వెళితే "బంతులెన్ని ఏసినారే?" అని అడిగింది. రెండని చెప్పాను. దుప్పటి గడ్డం దాకా లాక్కుని గోడవైపు తిరిగింది. నేను కాళ్ళు పడుతూ కూర్చున్నాను. ఆమె కష్టం పడిన సందర్భాలు చాలా చూశాను గానీ, ఓడిపోయినట్టు కనిపించింది ఆ ఒక్క సాయంత్రమే.

మొన్న ఆమె ఆదరణ కూడిక, అంటే పోయినవాళ్ళ ఇంటివారిని ఓదార్చే ప్రార్థన, జరిగింది. పాటలు పాడారు, ప్రార్థన చేశారు, ఆమె వంట గురించి అందరూ మంచిగా మాట్లాడారు. తరవాత షామియానా కింద పంది మాంసంతో భోజనాలు, ఊరపందే, కొన్నది. ఒక పక్క పొడుగాటి బంతి. ఇంకో పక్క చిన్న బంతి, దాని దగ్గర గుంజకి "ఉప్పు లేని భోజనం" అని రాసిన అట్ట. నేను వద్దందామనుకున్నాను. చావింట్లో గొడవెందుకని మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

పాస్టరయ్యగారు తమ్ముణ్ణి పెద్ద బంతిలో తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. అన్నం పెట్టారు, కూర వేశారు. తమ్ముడు తల దించుకుని విస్తరి వంకే చూస్తున్నాడు. అందరూ తినడం మొదలుపెట్టారు. వాడు ముద్ద కలపలేదు. తల్లి గుర్తొచ్చిందనుకుని అయ్యగారు వీపు నిమిరారు.

తమ్ముడు లేచాడు. విస్తరి అక్కడే వదిలేసి, షామియానా అంతా దాటి, ఆ చిన్న బంతి చివరికి వెళ్ళి నిలబడ్డాడు. వాడికి కూడా ఆ జబ్బు వచ్చిందని మాకెవరికీ తెలియదు. ఊరంతా ఒకేసారి చూసింది. అక్కడ తింటున్నవాళ్ళు మాత్రం తలెత్తి ఏమీ అడగలేదు. ఎంగిలి చేతులతోనే విస్తళ్ళు కొంచెం కొంచెం పక్కకి లాక్కుని వాడికి చోటిచ్చారు.